కుప్పం నుంచి పోయిన తంతి

మా నాయన చావుబతుకుల్లో ఉన్నాడని స్కాట్లండులో ఉన్న మా అక్కకు ఎవరో తంతి కొట్టారన్న సంగతి మాకు తెలిసిన పొద్దున, మా నాయన మదనపల్లె మిషన్ ఆస్పత్రి గేటు పక్కన చింతమొద్దు చీలుస్తున్నాడు.

1946 జూన్ నెల. వాన జాడ లేదు. తంతి బంట్రోతు సైకిలు గేటుకు ఆనించి, కవరు నా చేతికిచ్చి, సంతకం పెట్టించుకుని, పోకుండా అక్కడే నిలబడ్డాడు. విదేశం నుంచి వచ్చిన తంతిలో ఏముందో తెలుసుకోకుండా పోవడం అతని వల్ల కాదు.

నేను చదివాను. మళ్ళీ చదివాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాలంటే ఇంతే: "తంతి అందింది. పని వదులుకున్నాను. ఓడలో చోటు దొరికింది, ఈరోజే ఎక్కుతున్నాను. నేను వచ్చేదాకా నాయనను ఆగమని చెప్పు. లిడియా." పైన తేదీ నిన్నటిది.

"ఏందమ్మా?" అన్నాడు నాయన, గొడ్డలి భుజానికి ఆనించి.

"అక్క వస్తాండాది నాయనా."

"వస్తాండాదా?"

"నువ్వు సచ్చిపోతాండావని ఎవరో తంతి కొట్టినారంట. అందుకని వస్తాండాది."

తంతి బంట్రోతు మా నాయనను పైనుంచి కిందికి చూశాడు. ముప్పై ఏళ్ళుగా ఆ గేటు కాపలా మా నాయన ఎల్లప్పదే. అరవై దగ్గర పడుతున్నా గేటుకు పాతిన రాతిస్తంభంలా ఉండేవాడు. "ఈయప్పా సచ్చేది? ఆ గొడ్డలి సూస్తే నేను సచ్చేటట్లుండా," అని నవ్వాడు బంట్రోతు. మేం నవ్వకపోయేసరికి సైకిలెక్కి పోయాడు.

నాయన మొద్దు మీద కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఎన్ని దినాలు పడతాది, ఓడ?" అని అడిగాడు.

"మూడు వారాలు."

"ఊఁ" అని, లేచి మళ్ళీ గొడ్డలి పట్టుకున్నాడు.

తంతి ఎవరు కొట్టారని ఆయన అడగలేదు. అడగలేదన్న సంగతి నాకు తట్టడానికి ఆరు వారాలు పట్టింది.

ఆ తంతి వల్ల మా ఇంట్లో ఏం తారుమారైందో ముందు చెప్పాలి. అక్క 1939లో మిషన్ తరఫున వైద్యం చదవడానికి పోయింది. యుద్ధం మూలంగా ఏడేళ్ళు అక్కడే చిక్కుకుపోయింది. ఆ ఏప్రిల్‌లో పట్టా చేతికొచ్చింది. పట్టా వచ్చాక తన ముందు మూడు దారులున్నాయని ఉత్తరం రాసింది. వెంటనే తిరిగొచ్చి మా ఆస్పత్రిలో దొరసాని డాక్టరమ్మ కింద అసిస్టెంటుగా చేరడం ఒకటి. లండన్‌లోని హైకమిషనర్ ఆఫీసు ద్వారా మద్రాసు సర్కారు కొలువుకు అర్జీ పెట్టుకోవడం ఇంకొకటి. ఇవి కాక, డండీ అనే ఊళ్ళో ఒక ఆస్పత్రివాళ్ళు హౌస్ సర్జన్ పని ఇస్తామన్నారు. ఏడాది పని, జులై ఒకటిన చేరాలి. ఆ ఏడాది సొంత చేతులతో ఆపరేషన్లు చేస్తే సర్జన్ పరీక్షకు కూర్చోవచ్చు. అక్క మనసంతా దాని మీదే. మిషన్ కూడా ఒప్పుకుంది.

చిక్కల్లా నాతోనే. మిషన్‌కు విదేశీ చదువు సీటు ఒక్కటే ఉండేది. పోయినవాళ్ళు తిరిగొచ్చి పనిలో చేరితేనే తరువాతివాళ్ళు ఓడ ఎక్కాలి. తరువాతి పేరు నాది, ప్రభావతి, మిషన్ బడి టీచరు. నా తరగతిలో ఇద్దరు చెవిటి పిల్లలుండేవారు. అలాంటి పిల్లలకు పెదవుల కదలిక చూసి మాట నేర్చుకునే విద్య మాంచెస్టర్‌లో నేర్పుతారని తెలిసిన దగ్గర్నుంచి నాకు వేరే ధ్యాస లేదు. కాని సీటుకు ఇరవై అయిదేళ్ళ లోపు వయసుండాలి. నాకు ఆ డిసెంబరుతో ఇరవై అయిదు నిండుతాయి. అక్క ఏడాది ఆగితే నా పేరు పోయి, నా వెనకున్న వరప్రసాద్ పేరు పైకొస్తుంది.

అక్క నన్నే అడిగింది. నువ్వు వద్దంటే వచ్చేస్తానని రాసింది. ఆగమని నేనే జవాబు రాశాను.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆ తంతి రెండోసారి చదివినప్పుడు నా గుండె సంతోషంతో గంతేసింది. ఒక్క క్షణమే. ఆ ఒక్క క్షణం మూలంగా ఆ వేసవంతా నేను నిర్దోషిలా తలెత్తుకు నిలబడలేకపోయాను.

దొరసాని ఆ మధ్యాహ్నమే ఓడకు వైర్‌లెస్ పంపించింది: "తండ్రి క్షేమం. తంతి అబద్ధం." ఓడ వెనక్కి తిరగదు కదా. డండీ ఆస్పత్రికి కూడా కేబుల్ పోయింది. ఆ పని అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశామని మర్యాదగా జవాబొచ్చింది.

సాయంత్రం విల్సన్ మా వరండాలోకి వచ్చాడు. ఆయన ఆస్పత్రి హెడ్ గుమాస్తా, చర్చి సంఘ పెద్ద, వరప్రసాద్‌కు మేనమామ.

"ఏమప్పా ఎల్లప్పా, వార్డులో నీకు లాజరు అని పేరు పెట్టినారు," అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "సచ్చి నాలుగు దినాలకు లేసినోడు గూడ నీ అంత గట్టిగా ఉండి ఉండడు."

నాయన నవ్వలేదు.

"నవ్వులాట గాదులే. యుద్ధం అయిపోయినాక ఓడల్లో చోటు ఎవురికిస్తాండారు? ఇండ్లకు మళ్ళే సిపాయిలకు. ఆ తరువాత, అమ్మో నాయనో పోయేటట్లుండే వాళ్ళకు. తక్కినోళ్ళు ఆరేసి నెలలు కాసుకోవల్ల. ఈ సంగతి ఈస్టర్ పండగ కాడ్నించి మన కాంపౌండంతా నేనే సెప్తాండా. అంటే తంతి కొట్టినోడు మన కాంపౌండువాడే. ఇంక దీంట్లో లాభం ఎవురికి అనేది సూసుకుంటే సరిపాయె."

ఆయన చూపు నా మీదికి వచ్చి ఆగింది.

"నాకు తెలీదు సార్," అన్నాను.

"నీకు తెలుసునని నేనన్న్యానా పాపా?"

"నా బిడ్డ ఊసు ఎత్తొద్దు, విల్సనయ్యా," అన్నాడు నాయన. గొంతు పెంచలేదు. విల్సన్ మాత్రం కాఫీ తాగకుండానే లేచాడు.

జులై రెండో వారంలో అక్క మదనపల్లె రోడ్డు స్టేషన్లో రైలు దిగి బస్సులో వచ్చింది. నాయన కాకీ చొక్కా ఉతికించుకుని, బొత్తాలన్నీ పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. అక్క ఏడవలేదు. కౌగిలించుకోలేదు. తిన్నగా వచ్చి ఆయన మణికట్టు పట్టుకుని, తన చేతి గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టింది.

"డెబ్బై రెండు," అంది. "గుర్రం మాదిరి ఉండావు నాయనా."

"సిక్కిపోయినావు లిడియమ్మా," అన్నాడాయన. అక్క వదిలిన మణికట్టును రెండో చేత్తో పట్టుకుని అలాగే ఉంచుకున్నాడు. సంతోషం అనుకున్నాను.

సంగటి, చింతచిగురు పప్పు తిన్నాక అక్క చేతిసంచిలోంచి ఒక కాగితం తీసి చాప మీద పరిచింది. తంతి. ఇంగ్లీషు అక్షరాల పట్టీలు వరసగా అంటించి ఉన్నాయి. తండ్రి చావుబతుకుల్లో, వెంటనే రా, ప్రభ. పైన ఊరు పేరు కుప్పం. తేదీ జూన్ ఎనిమిది.

"ఎనిమిదో తేదీ యాడుండావు ప్రభా?"

"కుప్పంలో. చిన్నక్క పిన్నమ్మ ఇంట్లో. సెలవులకని పోయింటి."

"ఊఁ."

"అక్కా, నేను కొట్టలేదు."

"ఓడలో నాకు ఇరవై రెండు దినాలు పని లేదు. నువ్వు తప్ప ఇంకెవరన్నా అని దినమంతా ఆలోచన చేసినా. ఒక్క పేరు గూడ దొరకలా." అక్క గొంతులో కోపం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది. "రావల్లని రాసుంటే వచ్చేదాన్ని కదా? ఆగమని రాసి, ఎనకనించి ఇది యాల?"

"దేవుని తోడు అక్కా..."

"దేవుణ్ణి పిలవాకు. ఆ ఏడాది ఉండుంటే నేను కత్తి పట్టుకొనేదాన్ని ప్రభా. ఇప్పుడు జీవితమంతా కత్తి అందించేదాన్ని."

గడపలో నిలబడ్డ నాయన, నీళ్ళు తెస్తానని రెండు బిందెలు తీసుకుని వెళ్ళాడు. ఇంట్లో బిందెలు నిండుగా ఉండేవి. ఆయన ఆ నీళ్ళే పెరట్లో పారబోసి, మళ్ళీ బావికి పోయాడు.

అక్క మరునాడే ఆస్పత్రిలో చేరింది. పదిరోజులకు, దొరసాని మద్రాసుకు మీటింగుకని పోయినప్పుడు, కలికిరి నుంచి ఎద్దులబండిలో ఒక మనిషిని తెచ్చారు. పేరు చిన్నమ్మ, ముప్పై ఏళ్ళుంటాయి. కడుపు రాయిలా బిగిసిపోయి ఉంది. పేగు మెలిపడిందని అక్క చెయ్యి వేసి చూడగానే చెప్పింది. వెంటనే కోయాలి.

కోసేవాళ్ళు లేరు. అలాంటి ఆపరేషన్లు అక్క పక్కన నిలబడి పదిసార్లు చూసింది. సొంతంగా ఒక్కటీ చేయలేదు. బల్ల మీద పరికరాలన్నీ పేర్చింది. చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. నర్సు పుష్పమ్మ ఎదురుగా నిలబడి, "డాక్టరమ్మా, మొదలుపెట్టండి," అంది. అక్క తడి చేతులు పైకెత్తి చాలాసేపు నిలబడి, "బండి కట్టమను. చిత్తూరుకు పంపిద్దాం," అంది.

గేటు తెరిచింది నాయనే. బండి మలుపు తిరిగి చాలాసేపైనా ఆయన గేటు మూయలేదు. ఆ మనిషి చిత్తూరు చేరిందో లేదో మాకు కబురు రాలేదు.

ఆ సాయంత్రం పుష్పమ్మ బావి దగ్గర నలుగురిలో అంది: "ఒగదాని సీటు కోసరం ఇంకోదాని సెయ్యి ఇరగ్గొట్టినారు. రేపు మనలో ఎవురికి పేగు మెలిపడతాదో." నేను వింటున్నానని ఆమెకు తెలుసు. బిందె నింపుకుని నా ముందు నుంచే పోయింది.

గురువారం నాడు సంఘ పెద్దలు నన్ను పిలిపించారు. పాస్టరయ్యగారు మంచివారు. మాట మెత్తగా ఉండేది.

"ఆదివారం బల్ల ఆరాధన ఉంది, ప్రభా. ప్రభువు రొట్టె, ద్రాక్షరసం ముట్టేలోపల నీ మనసులో ఏదన్నా ఉంటే సంఘం ముందర ఒప్పుకో. క్షమిస్తాం."

"ఒప్పుకునేదానికి ఏమీ లేదయ్యగారూ."

"కుప్పంలో ఉండింది నువ్వు. తంతిలో పేరు నీది. సెప్టెంబరులో ఓడ ఎక్కేది నువ్వు," అన్నాడు విల్సన్. "ఇంకేం గావల్ల? ఒప్పుకోకుంటే బల్ల కాడికి రానీయం. సీటు పట్టీలోంచి పేరు తీసెయ్యమని మిషన్‌కు జాబు రాస్తాం."

"నేను కుప్పం పోయి కనుక్కోనొస్తా," అన్నాను. "శనివారం దాకా టైము ఇయ్యండి."

"పొయ్‌రా పాపా. ఆడ పోస్టాఫీసుంటాది, ఎనిమిదో తేదీ ఇంకా నీకోసరం కాసుకోని ఉంటాదిలే."

శుక్రవారం పొద్దున్నే బయలుదేరాను. పెట్రోలు కరువు ఇంకా తీరలేదు. బస్సు వెనక డ్రమ్ములో బొగ్గు మండించి, ఆ గ్యాసుతో నడిపేవారు. పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట. ప్రతి ఎత్తుకూ దిగి నడిచాం. కుప్పం చేరేసరికి పొద్దు వాలింది. చిన్నక్క పిన్నమ్మ నా మొహం చూసి బొగ్గు కడుక్కోమంది.

మరునాడు పోస్టాఫీసు తెరిచేసరికి మెట్ల మీద ఉన్నాను. గుమాస్తా కళ్ళద్దాల పైనుంచి చూశాడు. తంతి ఫారం పరాయివాళ్ళకు చూపించకూడదని రూలు చెప్పాడు.

"నా పేరుతోనే కదా పోయింది?"

"అట్లయితే మీకు తెలిసే ఉండాల కదమ్మా," అని కిటికీ మూశాడు.

బయట అరుగు మీద రాతపెట్టె ముందేసుకుని రంగప్ప కూర్చున్నాడు. చదువు రానివాళ్ళకు జాబులు, మనియార్డర్లు, తంతులు రాసిపెట్టే ముసలాయన. వేలిగోళ్ళు కూడా సిరా రంగులో ఉన్నాయి. అడగడానికి ఇంకెవరూ లేక ఆయన ముందు కూర్చున్నాను.

"విలాయతికి పోయిన తంతా? మరిసిపోతానా తల్లీ! ముప్పై ఏండ్లయింది ఈ అరుగు ఎక్కి. సిపాయిలకు బస్రాకు రాసినా, బర్మాకు రాసినా. స్కాట్లండుకు అదొక్కటే. ఆ పేరు ఎట్ల రాసేదో లోపల గుమాస్తాకే తెలీలా, నేను సెప్పితి."

"రాయించింది ఎవరు? ఆడమనిషా?"

"ఆడమనిషి యాలమ్మా? పెద్దాయన. ఇంత ఎత్తు. కాకీ చొక్కా. సెప్పులు ఆ మెట్టు కాడ ఇడిసి వచ్చి, కండ్లు మూసుకోని ఏందో ప్రార్థన సేసుకున్న్యాడు. కిరస్తానీలనుకుంటి. ఎవురికి రాయల్ల అంటే, నా బిడ్డకన్న్యాడు. ఏమని అంటే, నాయన సచ్చిపోతాండాడు, రమ్మని. నాకు పాపమనిపించె. జబ్బు ఎవురికి సామీ, నీ నాయనకా అని అడిగితి."

"ఏమన్నాడు?"

"నాకే అన్న్యాడు."

లోపల తంతి యంత్రం టకటకలాడుతోంది. నేను అరుగు అంచు గట్టిగా పట్టుకున్నాను.

"నాకు నవ్వొచ్చె. ఆయప్ప నవ్వలా. జబ్బు లోపలుండాది, పైకి కనబడదు, నువ్వు రాయి అన్న్యాడు. కింద ఎవురి పేరు పెట్టల్ల అంటే సెప్పుల కాడికి పోయి, మళ్ళొచ్చి, ప్రభ అని రాయమన్న్యాడు." రంగప్ప కలం చెవికి పెట్టుకుని ముందుకు వంగాడు. "నాకు అప్పటినించీ మనసులో అదే. ఏమాయెనమ్మా ఆయప్ప? ఉండాడా, పోయినాడా?"

"ఉండాడు," అన్నాను.

"అబ్బ, సల్లని మాట సెప్తివి తల్లీ," అన్నాడు రంగప్ప.

నాయన నన్ను తీసుకుపోవడానికని ఏడో తేదీ కుప్పం వచ్చాడు. తొమ్మిదిన ఇద్దరం కలిసి మదనపల్లెకు తిరిగొచ్చాం. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పాల్సిన విషయమని తట్టలేదు. బిడ్డను తీసుకురావడానికి తండ్రి వస్తాడు, అందులో వింతేముంది?

ఆ మధ్యాహ్నం బస్సులో వెంకటగిరికోట దాటిన దగ్గర్నుంచి నేను ఒక్కటే లెక్క వేసుకున్నాను. నిజం చెబితే నాకు మాంచెస్టర్ దక్కవచ్చు. నాయనకు గేటు పోతుంది. సంఘంలో ముప్పై ఏళ్ళ పేరు పోతుంది. అక్క ఆయన మొహం చూస్తుందో లేదో.

నాలుగు గంటలకు బస్సు పుంగనూరులో ఆగింది. బొగ్గు నింపడానికి అరగంట పడుతుందన్నాడు డ్రైవరు. దిగి చూస్తే బస్టాండు రాతిబల్ల మీద మా నాయన కూర్చుని ఉన్నాడు. పక్కన ఉడకబెట్టిన శెనక్కాయల పొట్లం.

"ఈడికి యాల వచ్చినావు నాయనా?"

"ఒంటిగా వస్తావు గదా అని. సెలవు పెట్టొచ్చినా." పొట్లం నా వైపు జరిపాడు. "తిను. పొద్దున్నించి ఏమీ తినిండవు."

తిన్నాను. ఆయన కూడా ఒలుస్తున్నాడు గాని నోట్లో వేసుకోవడం లేదు. గింజలు అరచేతిలో పోగవుతున్నాయి.

"ఆడ ఎవరన్నా ఏమన్నా సెప్పినారా?"

"ఎవురికీ గురుతు లేదంట," అన్నాను.

ఆయన తల తిప్పి నా మొహం చూశాడు. నేను బస్సు వెనక డ్రమ్ములో లేస్తున్న పొగను చూశాను.

"ఎవురికీ?"

"ఎవురికీ లేదు నాయనా. రెండు నెలలు కావస్తాండాది కదా."

"మరి రేపు ఏం జెప్తావు?"

"కొట్టలేదని చెప్తా."

"నమ్మరు గదమ్మా."

"నమ్మకుంటే పేరు తీసేస్తారు. అంతే కదా. బడి యాడికీ పోదు. ఆ ఇద్దరు పిల్లోళ్ళూ యాడికీ పోరు."

ఆయన అరచేతిలోని గింజలన్నీ నా దోసిట్లో పోశాడు. చేతులు దులుపుకున్నాడు. "పద, బస్సు పోతాది," అన్నాడు.

ఆదివారం చర్చి నిండిపోయింది. సంగతి కాంపౌండు దాటి ఊళ్ళోకి కూడా పోయింది. ఆడవాళ్ళ వైపు ముందు చాప మీద అక్క కూర్చుంది. నేను ఆమె వెనక చాప మీద. పాట అయ్యాక, బల్ల మీద తెల్లగుడ్డ తీయకముందే, పాస్టరయ్యగారు నన్ను లేవమన్నారు.

"ప్రభావతీ, ఆ తంతి నువ్వు కొట్టావా?"

"లేదయ్యగారూ."

"ఎవరు కొట్టారో తెలుసునా?"

"తెలీదు," అన్నాను.

చర్చిలో నిలబడి అబద్ధం చెప్పడం నాకు అదే మొదటిసారి. అక్క వెనక్కి తిరిగి నన్ను చూసింది. విల్సన్ చేతిలో కాగితం విప్పి గొంతు సవరించుకున్నాడు.

మగవాళ్ళ వైపు చివర వరసలో ఎవరో లేచిన చప్పుడైంది. మా నాయన నడుమ దారిలో నడుచుకుంటూ ముందుకు వస్తున్నాడు.

"కూసో ఎల్లప్పా," అన్నాడు విల్సన్. "ఇప్పుడు నీ వంతు గాదు."

"నా వంతే విల్సనయ్యా. మీరు కూసోండి," అన్నాడు నాయన. బల్ల పక్కన నిలబడి, చేతులు కట్టుకుని, జనం వైపు తిరిగాడు.

"నాకు సదువు రాదు. వచ్చినట్ల సెప్తా, ఇనండి. ఆ తంతి కొట్టించింది నేను. ఎనిమిదో తేదీ, కుప్పం పోస్టాఫీసు అరుగు మీద ఒక ముసలాయన చేత రాయించినా. నిన్న ఆ ముసలాయన ప్రభమ్మకు సెప్పేసినాడు. ఆ బిడ్డ మొగం సూస్తానే నాకు తెలిసె. అది నాకు సెప్పలా, ఇప్పుడు మీకూ సెప్పలా. దేవుని ముందర నిలబడి నా కోసరం అబద్దం ఆడె. ఆ పాపం దానిది గాదు. నా మీదే ఏయండి.

యాల సేసినా అంటారు. లిడియమ్మ జాబు వచ్చిన దినం, ఆగు అక్కా అని ప్రభమ్మ నవ్వుతా రాసె. డబ్బాలో తానే ఏసొచ్చె. మరసనాడు పొద్దున్నే కోళ్ళను ఇడుస్దామని నేను పెరట్లోకి పోతి. గూడు ఎనకాల కూసోని, నోట్లో కొంగు కుక్కోని ఏడస్తాండె. నన్ను సూడలా. ఆ ఏడుపుకు సప్పుడు లేదయ్యా. సప్పుడు ఉండింటే నేను ఓర్సుకుందును.

నేను నిమ్మనపల్లెలో ఇంకొకరి మడికి జీతమున్నోణ్ణి. మిషన్ నాకొక గేటు ఇచ్చె. వార్డులోంచి ఒక మనిషి బయటికి వస్తేనే ఇంకో మనిషిని లోపలికి ఇడవల్ల. ముప్పై ఏండ్లు ఆ పనే సేసినా. నాకు తెలిసిన నాయం అదొక్కటే. పెద్దబిడ్డకు ఏడేండ్లు దొరికె, ఇంకొకటి అడగతాండాది. సిన్నబిడ్డకు ఒక్కటి గూడ లేకుండా పోతాండాది. పెద్దదాన్ని పిలిస్తే సిన్నది పోతాది అనుకుంటి. ఓడలో చోటు సిపాయిల తరువాత సచ్చేవాళ్ళ బిడ్డలకని విల్సనయ్య సెప్పె గదా. నేను సిపాయిని గాదు. రెండోది అయితి.

కింద ప్రభమ్మ పేరు యాల పెట్టినా అంటే, లిడియమ్మ అడక్కుండా నమ్మే పేరు అదొక్కటే. అది తిరిగొచ్చి ఈ బిడ్డ మెడకే సుట్టుకుంటాదని నాకు తోసలా.

లిడియమ్మా, వచ్చిన దినం నా సెయ్యి పట్టుకొని నాడి సూస్తివే, ఆ పొద్దే సెప్పల్ల. నోరు రాలా. కలికిరి మనిషి బండికి గేటు తీసింది నేనే. ఆ బండి ఎట్ల పోయెనో, యాల పోయెనో నాకు తెలుసు. నీ సేతిలో కత్తి పెరుక్కున్న్యోణ్ణి నేనే.

నా గేటు తీసేసుకోండి. బల్ల కాడికి నన్ను రానీయొద్దండి. ఆ బిడ్డ పేరు మాత్రం కొట్టొద్దండి.

ఏమయ్యగారూ? పశ్చాత్తాపం ఉండాదా అంటారా? లిడియమ్మను సూస్తే ఉండాది. ప్రభమ్మను సూస్తే లేదు. ఈ పొద్దు ఈడ ఒక అబద్దం అయిపాయె. ఇంకొకటి నాతో ఆడించొద్దండి."